పొద్దుగూకే పోగు

రంగు వేసిన పోగుల కట్ట ఒకటి వచ్చి లీలమ్మ ఒళ్లో పడింది. తలెత్తి చూస్తే ఎదురుగా వెంకటరాజం. షోలాపూరులో మిల్లు వదిలి వచ్చి, చేనేత సంఘం షెడ్డులో మగ్గం పట్టి ఇంకా నెలైనా కాలేదు. అప్పుడే పెద్ద మేస్త్రీలాగా చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“గీ ఆసు పోసింది నువ్వేనా?”

“నేనే. ఏమాయె?”

“పొద్దుగాల పోసిన పోగు జవాను లెక్క నిలవడ్డది. పొద్దుగూకే పోగు కల్లు దుకాణంకెల్లి వచ్చినట్టు తూలుతాంది. చిలుక ముక్కు ఒక దిక్కు, కన్ను ఒక దిక్కు. పగటీలి నిద్రవోతున్నవా ఏంది?”

షెడ్డంతా నవ్వింది. లీలమ్మ ఊరుకునే పిల్ల కాదు.

“మిల్లుల మిషిన్ నేస్తుంటే నువ్వు నిలవడి చూసినవు. చెయ్యి తిరగనోళ్లు పోగును తిడితే ఏమొస్తది?”

ఈసారి నవ్వు రెండింతలైంది. అందరికంటే ఎక్కువ నవ్వింది వెంకటరాజమే. అతని చెంప మీద నీలం రంగు మరక, ఆ మరక పక్కనే చిన్న సొట్ట. వేరే రోజైతే లీలమ్మ ఆ సొట్టను ఇంకోసారి చూసేదేమో. ఆ రోజు మాత్రం ఆమెకు గుండె జారిపోయింది. షెడ్డులో ఇంతమంది ఉన్నారు, ఏడాదిగా పక్కనే కూర్చుంటున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కరికీ దొరకని సంగతి ఈ కొత్తవాడికి పోగు పట్టుకోగానే దొరికిపోయింది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆసు గురించి చెప్పాలి. అదేం వింత కాదు, ఒక చెక్క చట్రం. ఒక కొసన ఒంటి మేకు, ఇంకో కొసన సగం చందమామలాగా వంపు తిరిగిన మేకుల వరుస. ఆడమనిషి దాని ముందు కూర్చొని, ఒంటి మేకు నుంచి పోగు తీసుకుపోయి వంపులోని మేకుకు తగిలించి మళ్లీ వెనక్కి తెస్తుంది. పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. చీర మీద చిలుక వాలాలంటే ఆ చెయ్యి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా గాలిలో అలా తిరుగుతూనే ఉండాలి. ఆ పోగులకే తర్వాత గట్టిగా ముడులు వేసి రంగులో ముంచుతారు, ఆ ముడులు వెయ్యడాన్నే చిటికి కట్టడం అంటారు. ఆసు పోసేది మాత్రం ఆడవాళ్లే. మగవాడు ఆసు ముందు కూర్చున్నాడంటే ఊరంతా వచ్చి చూసి నవ్విపోతుంది.

పోచంపల్లి చుట్టుపక్కల నేతవాళ్ల ఇళ్లలో ఆసు రాని పిల్లకు పెళ్లి లేదు. పెళ్లిచూపులకు వచ్చిన అత్తగారు పిల్ల జడ చూడదు, నడక చూడదు. మూలనున్న ఆసును ముందుకు లాగి, పోగు కొస పిల్ల చేతిలో పెడుతుంది. ఆ చెయ్యి ఎంత చకచకా తిరిగితే సంబంధం అంత తొందరగా కుదురుతుంది.

లీలమ్మ చెయ్యి పొద్దున బాగానే తిరిగేది. పగటి అన్నం తిన్నాక మొదలయ్యేది నొప్పి. కుడి భుజంలో ఎవరో మేకు పెట్టి నెమ్మదిగా తిప్పుతున్నట్టుండేది. ముసురు పట్టిందంటే మెడ దాకా పాకేది. ఇంట్లో జడ ఎడమ చేత్తో అల్లుకోవడం నేర్చుకుంది. అటక మీది కుండ అందుకోవాలంటే పీట వేసుకునేది. షెడ్డులో చెయ్యి లేవనప్పుడు ఒళ్లంతా ఊపి చేతిని విసిరేది. చూసేవాళ్లు, ఈ పిల్ల లోపల పాట పాడుకుంటూ ఊగుతోంది అనుకునేవారు. ఎవరైనా అడిగితే అవును, పాటే అని నవ్వేది.

దాచడానికి కారణం ఇంట్లో ఉంది. తండ్రి గండయ్య. వాళ్లది మొదట మర్రిగూడ దిక్కు. అక్కడి బావి నీళ్లు మనుషుల్ని వంచేస్తాయని అందరూ అనేవారు. గండయ్య నడుం అలాగే చెక్కలా బిగుసుకుపోయింది. మెడ తిరగదు. పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాలి. మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చోవడం ఆయన వశం కాలేదు. తల్లి పోయాక ఈ ఊరికి వలస వచ్చారు, అప్పటి నుంచి పొయ్యి వెలిగేది లీలమ్మ చేతి మీదే.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. బాపు నొప్పి కూడా మొదట భుజంలోనే మొదలైందట. ఆ నీళ్లే తానూ చిన్నప్పుడు తాగింది. ఇది ఆ నొప్పేనా? ఈ మాట ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే అవునంటారేమో. అడగనంత కాలం కాదేమో అనుకోవచ్చు.

ఇంతలో శ్రావణమాసం ముసురు మొదలైంది. సంఘం మేనేజరు రామచంద్రయ్య తడిసిన గొడుగు మూలకు పెట్టి అందరినీ పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైవాళ్లంటే వణుకు. పట్నం దుకాణం నుంచి కొన్ని చీరలు వాపసు వచ్చాయనీ, పని తగ్గిందని పైనుంచి అడుగుతున్నారనీ చెప్పాడు. జిల్లా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఒక్కొక్కరి ఒళ్లు చూస్తుందట. ఎవరు పని చెయ్యగలరు, ఎవరు చెయ్యలేరు అని రిపోర్టు రాస్తుందట. చెయ్యలేనివాళ్ల జాగాలో కొత్తవాళ్లు వస్తారట.

ఆయన వెళ్లిన తర్వాత షెడ్డులో పుకార్లు పుట్టాయి. ఇసుక బస్తా లేపమంటారని ఒకరన్నారు. పక్క ఆసు మీద పనిచేసే సుగుణమ్మ, వయసులో అందరికీ అక్క, నోరు కూడా పెద్దది, చేతికి తీగ కడతారనీ, నొప్పి ఉంటే లైటు వెలుగుతుందనీ ఎక్కడో విన్నది చెప్పింది. లీలమ్మ చెయ్యి తెలియకుండానే కొంగు కిందికి పోయింది.

మిల్లు చూసి వచ్చినవాడివి కదా, నువ్వు చెప్పు అని అందరూ వెంకటరాజం మీద పడ్డారు. ఎప్పుడూ నవ్వేవాడు ఆరోజు నవ్వలేదు. మిల్లులో తండ్రికి జరిగింది చెప్పాడు. మోకాళ్ల నొప్పితో నాయిన కూలబడకుండా ఏళ్ల తరబడి పని చేశాడు. ఒకరోజు డాక్టరు వచ్చి, ముట్టుకోకుండానే కూర్చో, లేవు అన్నాడు. నాయిన లేవడం కాస్త ఆలస్యమైంది.

“మర్నాడు పోతే గేటు తియ్యలె” అని వెంకటరాజం మగ్గంలోకి దిగిపోయాడు.

లీలమ్మకు మిగతాదంతా మరుపున పడింది. ఆ గేటు మాత్రం కళ్ల ముందు నిలిచింది.

సాయంత్రం రంగు బాన దగ్గర అతను ఒక్కడే చేతులు కడుక్కుంటుంటే చూసి దగ్గరికి వెళ్లింది. వాన సన్నగా పడుతోంది.

“సారుకు చెప్పినవా?”

“ఏం చెప్పాలె?”

“నా పోగు సంగతి.”

“పోగు సంగతి పోగుకే చెప్పిన. నీ సంగతి నువ్వే చెప్పకపోతివి.”

“నాకేం సంగతి లేదు.”

“లేకుంటే మంచిదే. మరి గింత ఫికర్ దేనికి?”

అంటూ ఒక్కసారి ఆమె కుడి భుజం వైపు చూశాడు. కనురెప్పల మీద వాన చుక్కలు, వాటి వెనక ఆ చూపు. అది ఆటపట్టించే చూపో, బెదిరించే చూపో లీలమ్మకు తెలియలేదు. కొంగు భుజం నిండా కప్పుకొని వానలోనే ఇంటికి పోయింది. ఆ చూపు మాత్రం వెంటే వచ్చింది. పొయ్యి ముందు కూర్చుంటే గుర్తుకొచ్చింది. భయంతో గుర్తుకొచ్చిందా, ఇంకెందుకైనా గుర్తుకొచ్చిందా అని తనను తానే అడిగి, జవాబు చెప్పకుండా రొట్టె తిరగేసింది.

ఆ తర్వాత కట్టలు వాపసు రావడం ఆగిపోయింది. వెంకటరాజం ఒక్క మాట కూడా అనలేదు. చిలుక ముక్కు గురించి లేదు, నిద్ర గురించి లేదు. అతను తిట్టినన్నాళ్లు నయమే, ఎదురు తిట్టవచ్చు. ఇప్పుడా మగ్గం వైపు చూడాలంటేనే ఆమెకు భయం. ఒకరోజు అతను రామచంద్రయ్య గొడుగు కింద నిలబడి ఏదో మాట్లాడుతుండగా, రామచంద్రయ్య తిరిగి ఆసుల వరుస వైపు చూశాడు. అంతే, లీలమ్మకు ఆ పూట అన్నం దిగలేదు. చెప్పేశాడు అనుకుంది. ఆ సొట్ట చెంపవాడు తన ఇంటి పొయ్యి ఆర్పేశాడు అనుకుంది.

డాక్టరమ్మ వచ్చే ముందటి రోజు రామచంద్రయ్య మళ్లీ అందరినీ నిలబెట్టాడు. పని బాగా తగ్గినవాళ్ల గురించి ముందే పైకి రాయాల్సి వచ్చిందనీ, తనకు ఇష్టమై చేసింది కాదనీ గొంతు సవరించుకున్నాడు. లీలమ్మ ఎడమ చేత్తో గుంజను పట్టుకుంది. తన పేరు వినడానికి సిద్ధపడింది.

ఆయన చదివిన పేరు వెంకటరాజం.

ఒక చీరకు మిగతావాళ్ల కంటే ఎంతో ఆలస్యం అవుతోందట. వయసులో ఉన్నవాడివి, ఏమైంది నీకని అడిగాడు. వెంకటరాజం నడుం మీద చెయ్యి పెట్టుకొని మొహం వంకర పెట్టాడు.

“నడుం సారు. మిల్లుల ఉన్నప్పటి సందే నొస్తాంది. గుంతల కూసుంటే లేవరాదు.”

లీలమ్మకు మొదట ఒళ్లంతా తేలికైంది. పేరు తనది కాదు. ఆ తేలికదనం చూసుకొని వెంటనే సిగ్గేసింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. నడుం నొప్పివాడు పొద్దున షెడ్డు ముందరి నీటి కాలువను మేకపిల్లలాగా దుమికి రావడం ఆమె కళ్లారా చూసింది.

పగటి అన్నం వేళ అందరూ లేచాక మెల్లగా వెనక వరుసకు నడిచింది. వెంకటరాజం ఒక్కడే మగ్గంలో ఉన్నాడు. ఆమెను చూడలేదు. అడ్డపోగు చుట్టిన నాడెను అటు నుంచి ఇటు విసిరాడు. మిగతావాళ్లయితే వెంటనే పోగును బిగించే పలక గుంజి కొట్టి ఇంకో నాడె విసురుతారు. అతను ఆగాడు. వంగి, గోటి కొసతో పోగును జరిపాడు. చిలుక ముక్కు ముక్కులో కలిసేదాకా, కన్ను కంట్లో కుదిరేదాకా సర్దాడు. అప్పుడు కొట్టాడు. మళ్లీ నాడె, మళ్లీ ఆగడం, మళ్లీ గోరు. వదులుగా తూలుతున్న పోగులు ఎవరివో లీలమ్మకు వేరే చెప్పాలా? అవన్నీ ఆమె పగటి అన్నం తర్వాత పోసినవి.

“గందుకేనా నీ నడుం నొప్పి?”

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వబోయి, నవ్వు సరిగ్గా రాక నాడె చేతిలో తిప్పాడు.

“నడుం నాది, నొప్పి నాది. నీకేం కష్టమొచ్చింది?”

“రేపు డాక్టరమ్మ నిన్ను పనికిరావంటే?”

“పోత. షోలాపూర్‌ల ఇంకో మిల్లున్నది. నువ్వు ఏడికి పోతవు? మీ బాపును ఎత్తుకొని పోతవా?”

ఎందుకు చేస్తున్నావని అడగాలనుకుంది. అడిగితే అతనేం చెబుతాడో అన్న భయం ఒకటి, చెప్పకుండా నవ్వేస్తాడేమో అన్న భయం ఇంకొకటి. అతనే తల వంచుకొని మెల్లగా అన్నాడు.

“మా నాయినకు గట్ల అడ్డం నిలవడెటోళ్లు ఎవ్వలు లేకపోయిరి లీలా. రేపు నువ్వు నవ్వుకుంట చెయ్యి లేపు. పొద్దుగాలనే పిలుస్తరు, నీకు లేస్తది. నా సంగతి నేను చూసుకుంట.”

లీలా అని అతను పిలవడం అదే మొదలు. వేరే పిల్లయితే ఆ పిలుపు తలచుకొని సంబరపడేది. ఈ పిల్ల దాన్ని కొంగులో ముడి వేసుకొని ఇంటికి తీసుకుపోయి, వాన చప్పుడు వింటూ భయపడింది. ఉన్న భయానికి కొత్త భయం తోడైంది. గేటు తియ్యకపోతే ఇప్పుడు బయట నిలబడేది తను కాదు, అతను.

మర్నాడు డాక్టరమ్మ రామచంద్రయ్య గదిలో కూర్చుంది. కోస్తా దిక్కు నుంచి వచ్చిన మనిషి, కళ్లద్దాలు, మాట మెత్తన. ఇసుక బస్తా లేదు, తీగా లేదు, లైటూ లేదు. అయినా వరుసలో నిలబడ్డవాళ్లు ఉరికంబం ముందున్నట్టే నిలబడ్డారు.

లీలమ్మను పిలిచారు. చేతులు ముందుకు చాపమంది, చాపింది. పైకెత్తమంది. లీలమ్మ నవ్వు మొహం పెట్టి ఎత్తింది. భుజంలో మేకు తిరిగింది. నవ్వు చెదరలేదు. పై పెదవి మీద చెమట మాత్రం పట్టింది. డాక్టరమ్మ ఒక క్షణం ఆ చెమటను చూసి, ఎక్కడైనా నొప్పా అని అడిగింది. లేదమ్మా అంది లీలమ్మ. సరే, ఫిట్ అని డాక్టరమ్మ రాసుకుంది.

గడప దాటేసరికి ఎదురుగా వెంకటరాజం. నడుం మీద రెండు చేతులు, ఒక కాలు ఈడుస్తూ, అబ్బా అబ్బా అంటూ లోపలికి పోతున్నాడు. నొప్పి ఎలా ఉంటుందో ఎన్నడూ ఎరగనివాడి నటన అది. నిజంగా నొప్పి ఉన్నవాళ్లు అంత చప్పుడు చెయ్యరని లీలమ్మకు తెలుసు.

డాక్టరమ్మకూ తెలిసినట్టుంది. బల్ల మీద పడుకోమంది. ఆమె చెయ్యి గాలిలో ఉండగానే వెంకటరాజం కెవ్వుమన్నాడు.

“నేనింకా ముట్టుకోలేదు బాబూ.”

కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు నోళ్లు మూసుకొని నవ్వారు. సరిగ్గా అప్పుడే గుంపును తోసుకుంటూ ఒక పెద్దామె వచ్చింది. వెంకటరాజం తల్లి వెంకటనర్సమ్మ. చేతిలో కాపడం పెట్టడానికి వేడి ఉప్పు మూట.

“కొడుకా, నడుం పోయిందని ఊరందరికి ఎరుకాయె, నాకు చెప్పకపోతివి. పొద్దుగాలనే గదరా బర్రెదూడ ఉరికితే కంచె దుంకి పట్టుకొస్తివి. అప్పుడు విరిగిందా?”

వెంకటరాజం బల్ల మీద కళ్లు మూసుకున్నాడు. నవ్విన గుంపు ఇక నవ్వలేదు, ఎందుకంటే డాక్టరమ్మ మొహం మారింది. పని తప్పించుకోవడానికి లేని నొప్పి తెచ్చుకునేవాళ్ల వల్లే ఉన్న నొప్పిని ఎవరూ నమ్మకుండా పోతున్నారని చెప్పి కలం తీసింది. ఆ మాట రిపోర్టులోకి ఎక్కితే, పని దొంగ అన్న పేరు అతనికంటే ముందే ప్రతి షెడ్డుకూ చేరుతుంది.

లీలమ్మ వాకిట్లో నిలబడి ఇదంతా విన్నది. ఆమె ఫిట్. ఆమె పని ఆమెకుంది, బాపుకు అన్నముంది. కాళ్లు ఇంటి దిక్కు తిరిగాయి, కొంచెం దూరం నడిచాయి కూడా. కానీ కళ్ల ముందు ఆ గోటి కొస ఆడింది. చిలుక కన్ను కంట్లో కుదిరేదాకా వదలని గోరు. వెనక్కి తిరిగింది. గదిలోకి నడిచింది.

“అమ్మా, ఆయనకు నడుం నొప్పి లేదు.”

“అది నాకు తెలిసిపోయిందమ్మా.”

“నొప్పి నాది. ఆయన మోస్తాండు.”

లీలమ్మ ఆగకుండా చెప్పింది. ఆగితే మళ్లీ ధైర్యం రాదని తెలుసు. పగటి అన్నం తర్వాత తన చెయ్యి ఎలా చచ్చుబడుతుందో, పోగు ఎలా వదులవుతుందో, దాన్ని అతను ఒక్కొక్కటే ఎలా సర్దుతాడో, అతని పని ఎందుకు ఆలస్యమవుతుందో అన్నీ చెప్పింది.

“ఇప్పుడే కదా చెయ్యి ఎత్తావు?”

“పండ్లు గిట్టకరుచుకొని ఎత్తినమ్మా. పొద్దుగాల ఎట్లనో లేస్తది. పొద్దుగూకంగ ఎత్తుమంటే పానం పోతది.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. నొప్పి బయటికి కనబడేది కాదనీ, నువ్వు చెబితేనే నాకు తెలిసేదనీ మెత్తగా అని, ఆమెను కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, ఏం చేస్తే తగ్గుతుంది. ఇన్నాళ్లలో లీలమ్మను ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు. అడిగిన కొద్దీ లోపలి భయం గొంతులోకి వచ్చేసింది.

“మా బాపుకు గిట్లనే మొదలైందట అమ్మా. మర్రిగూడ నీళ్లు తాగినోళ్లం. నేను గూడ గట్లనే బిగుసుకపోతనా?”

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకొని మెల్లగా పైకి, పక్కకు, వెనక్కి తిప్పింది. మెడ వంచి చూసింది, నడుం వంచమంది. చాలాసేపు చూసింది. బల్ల మీది వెంకటరాజం లేచి కూర్చొని లీలమ్మ మొహమే చూస్తున్నాడు.

“మీ నాన్న భుజాన్ని వేరేవాళ్లు పట్టుకొని తిప్పినా తిరగదు కదా?”

“తిరగదు.”

“నీది తిరుగుతోంది. నొస్తోంది, కానీ తిరుగుతోంది. నీ మెడా నడుమూ బాగున్నాయి. ఇది నీళ్ల నుంచి వచ్చింది కాదమ్మా, ఆసు నుంచి వచ్చింది. చేతికి విరామం ఇస్తే తగ్గుతుంది. ఇలాగే దాచుకుంటూ పోతే మాత్రం బిగుసుకుంటుంది.”

అప్పుడు ఏడ్చింది లీలమ్మ. నొప్పికి ఎన్నడూ ఏడవని పిల్ల, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

రామచంద్రయ్యకు మాత్రం కాలు నిలవలేదు. పైవాళ్లకు ఏం చెప్పాలి, ఈ పిల్ల పని చెయ్యగలదా, చెయ్యలేదా అని అడిగాడు. డాక్టరమ్మ అలా ఒక్క మాటలో తేలదంది. ఏ పని, ఎంతసేపు, చెయ్యి ఎక్కడ పెట్టుకొని అని అడగాలంది. పొద్దున ఆసు పొయ్యనివ్వండి, పగటి అన్నం తర్వాత చిటికి కట్టనివ్వండి, అందులో మోచేతులు మోకాళ్ల మీదే ఉంటాయి కదా అంది. అది షెడ్డులో ఉన్న పనే. ఎవరికీ తట్టలేదంతే. తర్వాత వాకిట్లోకి వచ్చి ఆసు పోసే ఆడవాళ్లను చూసింది.

“మీలో ఇంకెవరికైనా భుజం నొప్పి ఉంటే చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. సుగుణమ్మ కొంచెంసేపు చూసి, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకొని పైకి నెట్టింది.

“ఎత్తుమంటే ఎట్ల లేస్తదమ్మా? లేవకనే గద గీ గోస.”

నవ్వారు అందరూ. నవ్వుతూనే ఒక్కొక్కరూ మోచేతులు పట్టుకొని నెట్టారు. వరుస మొత్తం అంతే. రామచంద్రయ్య ఆ వరుసను చూసి గొడుగు ఊతగా పట్టుకొని గడప మీద కూలబడ్డాడు. ఇంతమందిని తీసేసి ఎవరిని తెస్తాడు? ఆ రోజు నుంచి ఆసుకూ చిటికికీ ఆడవాళ్లు వంతులు మార్చుకోవాలని తేలింది. వెంకటరాజానికి మాత్రం డాక్టరమ్మ నటన రాదని చెప్పి, పోయి మగ్గంలో కూర్చోమంది.

ఇక్కడితో భయం పోయిందంటే పోలేదు. వేడి ఉప్పు మూట పట్టుకొని మూలన నిలబడ్డ వెంకటనర్సమ్మ అంతా విన్నది. నొప్పి నాది, ఆయన మోస్తాండు అన్న మాటకు అర్థం తెలియని అమాయకురాలు కాదామె. లీలమ్మను కింది నుంచి పై దాకా చూసింది, కుడి భుజం దగ్గర ఆగింది, మూట కొంగులో చుట్టుకొని వెళ్లిపోయింది.

ఊరు అనాల్సింది అననే అంది. చెయ్యి పనికిరాని పిల్లను ఏ అత్త చేసుకుంటుంది అన్నారు. అది లీలమ్మ చెవిన పడింది. పని మిగిలింది, ఒళ్లు తేలికైంది, పగలు చిటికి కడుతుంటే మొదటిసారి నిజంగానే పాట వచ్చేది. అంతలోనే ఆ పెద్దామె చూపు గుర్తుకొచ్చి పాట ఆగిపోయేది.

“అమ్మ మీ ఇంటికి చూడ వస్తదట” అన్నాడు ఒకరోజు వెంకటరాజం, చిటికి కట్టిన పోగులు తీసుకోవడానికి వచ్చి.

“ఏం చూడ?”

“ఏమో. నన్నైతే రోజు చూస్తనే ఉన్నది.”

“ఆసు పొయ్యమంటే?”

అతని నవ్వు ఆగింది. అమ్మను అడిగాననీ, ఏమీ చెప్పలేదనీ, అమ్మ ఏమీ చెప్పకపోతే తనకూ భయమేననీ ఒప్పుకున్నాడు. ఆ భయం చూసి లీలమ్మకు అతని మీద ఎంత ఇష్టం కలిగిందో, అంత దిగులూ కలిగింది.

అన్నట్టే వచ్చారు. వాన ఆగి ఎండ పొడ వచ్చిన పూట, వెంకటనర్సమ్మ, కొడుకు, పెద్దమనిషిగా రామచంద్రయ్య. గండయ్య గోడ పట్టుకొని లేచి, మనిషి మొత్తం తిరిగి దండం పెట్టాడు. తన వల్లే బిడ్డకు చెడ్డపేరు వచ్చిందని ఆయన కుమిలిపోతున్నాడు. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. అందరి కళ్లూ మూలనున్న ఆసు మీదే.

వెంకటనర్సమ్మ మంచినీళ్లు తాగి చెంబు కింద పెట్టింది. లేచి ఆసును ముందుకు లాగింది. పోగు కొస వేలికి చుట్టుకుంది. లీలమ్మ అప్పటికే చెయ్యి చాపింది. సాయంత్రం వేళ, నొప్పి మేలుకునే వేళ. ఎంతసేపు పొయ్యమంటుందో, పండ్లు ఎంతసేపు గిట్టకరుచుకోవాలో అనుకుంటోంది.

వెంకటనర్సమ్మ ఆ చేతిని దాటిపోయి, పోగు కొస కొడుకు చేతిలో పెట్టింది.

“కూసో. పొయ్యి.”

వెంకటరాజం నోరు తెరిచాడు. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“నా పెండ్లిచూపులకు నేను గిట్లనే కూసున్న. భుజం గుంజుతుంటే నవ్వుకుంట పోసిన. మా అత్త మురిసింది. గా చెయ్యి నెత్తి మీదికి లేవక ఎన్నేండ్లాయెనో నాకే యాదికి లేదు, మా అత్తకు చచ్చేదాక చెప్పలె. గీ పిల్ల పది మంది ముందట చెప్పింది, గది గూడ నీ కోసమని చెప్పింది. ఇప్పుడు చూడవలసింది ఆమెను కాదు, నిన్ను. ఎంత నొస్తదో ఎరుకలేనోనికి పిల్లనిస్తరారా?”

వెంకటరాజం కూర్చున్నాడు. ఊరంతా వచ్చి చూసింది, నవ్వింది. మొదట చకచకా పోశాడు, ఇంతేనా అన్నట్టు తల ఎగరేశాడు. కొంతసేపటికి తల దిగింది. ఇంకొంతసేపటికి ఒళ్లు ఊగడం మొదలైంది. నుదుటి మీద చెమట పట్టింది. ఈ చెమట మాత్రం నటన కాదు.

లీలమ్మ వచ్చి పక్కన కూర్చొని చివరి పోగులను గోటి కొసతో మీటింది.

“మొదటి పోగు జవాను లెక్క నిలవడ్డది. గీ పోగేంది, తూలుతాంది? నిద్రవోతున్నవా ఏంది?”

గండయ్య మనిషి మొత్తం ఇటు తిరిగి నవ్వాడు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లైందో లీలమ్మకే గుర్తు లేదు.

వెంకటనర్సమ్మ కొంగు చాటున తెచ్చిన ఉప్పు మూట తీసి లీలమ్మ భుజం మీద పెట్టింది. మూట ఇంకా వెచ్చగానే ఉంది, పొయ్యి మీద నుంచి దించి నేరుగా తెచ్చినట్టుంది.

“ఏమంటవు బిడ్డా? పిలగాడు పనికొస్తడా?”

లీలమ్మ తొందరపడలేదు. డాక్టరమ్మలాగా అతన్ని కింది నుంచి పై దాకా చూసింది, సొట్ట దగ్గర కాసేపు ఆగింది.

“పొద్దుగాలైతే పనికొస్తడు అత్తమ్మా. పొద్దుగూకినంక నేను చూసుకుంట.”